మల్లేటికి ఆషాఢం

మద్దక్కది నోరు కాదు నాయనా, సంత. పుట్టింది ఎగువన నెమళ్లమిట్టలో, మెట్టింది దిగువన ఇసకపల్లెలో. రెండూళ్లకీ నడుమ కోసెడు దూరం, ఆ కోసు పొడుగునా మల్లేరు. ఈమె ఇసకపల్లెలో మాట్లాడితే నెమళ్లమిట్టలో పశువులు తలెత్తి చూసేవని అనేవాళ్లంట. నోరు పెద్దదే గానీ మనసూ అంతే పెద్దది అనుకో, ఎవురింట్లో పొయ్యి రాజకపోయినా ముందు ఈమె పోయి నిలబడుకునేది. ఒక మాట ఇచ్చిందంటే ఇంగ దాన్ని ఎవురూ కదిలించలేరు. ఆమెకి ఒక అన్న, తిప్పన్న అని. ఎగువూరికి పెద్దమనిషి. మీసాలు ఇదో ఇంత. మనిషి బంగారమే, కానీ ఆచారం అంటే పడి చచ్చేవాడు. ఎవురన్నా తుమ్మితే కూచునేవాడు, ఇంగోసారి తుమ్మితే గాని లేసేవాడు కాదు. ఆ రెండో తుమ్ము రాక ఒకనాడు పొద్దుగూకేదాకా అరుగు మీదనే ఉండిపోయినాడంట. ఇంగో గుణం ఏమంటే తీపి. మద్దక్క కొత్త పెళ్లికూతురుగా ఆషాఢంలో పుట్టింటికి వచ్చింది గదా, అప్పుడు వాళ్లమ్మ కజ్జికాయలు చేసి, బిడ్డ ఆడ లేకపోయినా అత్తింటోళ్లు చిన్నబుచ్చుకోకూడదని, గంపలో పెట్టి ఈ తిప్పన్నకిచ్చి ఇసకపల్లెకి పంపించేది. ఈయప్ప ఆ కోసు దూరం నడిచేలోపల గంప సగం ఖాళీ. మద్దక్క అత్త, ఓబులమ్మ అని, ఆమె గంపలోకి తొంగిచూసి, ఏమబ్బీ, మీయమ్మ గంప పెద్దది కొనింది, కజ్జికాయలు చెయ్యడం మర్చిపోయిందా అని అడిగితే, ఈయన మీసాలకంటిన చక్కెర తుడుచుకుంటా, దావలో కోతులు అత్తా అనేవాడంట. ఈ కజ్జికాయల సంగతి మర్చిపోవాకండి, మళ్లా వస్తాది.

ఇప్పుడు మల్లేరు కత. దాని పద్ధతి ఎట్లంటే, వానొచ్చిందా, గుట్టల మీద నుంచి దొర్లుకుంటా వచ్చి, దిగువూరి వరి కయ్యల్ని కోసేసి, నాలుగు దినాలకి ఇసక మిగిల్చి పోయేది. ఎగువూరోళ్లకి ఏరు కంటికి కనపడతాది గాని చేతికందదు, ఊరు మిట్ట మీద ఉండె. దిగువూరోళ్లకి చేతికందుతాది గాని నిలబడదు. ఒకరికి ఊరిస్తాది, ఒకరికి ఉరిమిపోతాది, ఎవురికీ పెట్టేది మాత్రం లేదు. అట్లుంటే కళ్లద్దాల ఇంజనీరు ఒకాయన వచ్చి, రెండు గుట్టల నడుమ ఇరుకు చూసి, ఈడ ఆనకట్ట కడదాము అనె. కట్ట కింద ఒక చక్రం పెడతాము, తూము తలుపు ఎత్తితే నీళ్లు ఆ చక్రాన్ని తిప్పుకుంటా పోతాయి, అది తిరిగితే ఎగువూరికి కరెంటు. పోయిన నీళ్లు పోయినట్టే కాలవలో పడతాయి, దిగువూరికి పైరు. ఒకే నీళ్లకి రెండు పన్లు అని చెప్పినాడంట. అందరూ ఇన్నారు, ఎంతమందికి ఎక్కిందో దేవుడికెరుక. తిప్పన్న కూడా ఇన్నాడు, కాకపోతే కరెంటు అనే మాట కాడికి వచ్చేసరికి ఆయనకి ఇంట్లో బుడ్డిదీపం తీసేసి బల్బు పెట్టినట్టు, దాని కింద తాను మీసం దువ్వుకుంటా ఉన్నట్టు కనపడిపోయె. ఆ తర్వాత ఇంజనీరు ఏం చెప్పినాడో చెవికెక్కలా. ఆయన లెక్క ఏమంటే, మజ్జిగ కుండ నిండుగా ఉంటే వెన్న నిండుగా వస్తాది, కట్టలో నీళ్లు నిండుగా ఉంటే కరెంటు నిండుగా వస్తాది. అంతే. ఇంటికి పోయి పెళ్లానికి కూడా అట్లనే చెప్పినాడంట, ఆమె ఆ అని తల ఊపి తన పని చూసుకునె.

సరే, రెండూళ్లోళ్లూ రాళ్లు మోసిరి, మట్టి ఎత్తిరి, ఆడోళ్లు తట్టలు, మగోళ్లు గడ్డపారలు. కట్ట లేసిందాకా అందరూ అన్నదమ్ములే. లేసి, పోయిన వానలకి సగం నిండినాక మొదలాయె. పుట్టింది మా గుట్టల్లో, మల్లేరు మా బిడ్డ అని ఎగువూరోళ్లు. పారేది మా కయ్యల్లో, మా సొత్తు అని దిగువూరోళ్లు. తూము కాడ తోపులాట, చొక్కాలు చినిగె, ఒకాయన చెప్పు నీళ్లలో పడి ఇంగ దొరకలా. అప్పుడు మద్దక్క నడుమ దూరి, అందరినీ రెండు చేతుల్తో అటొకర్ని ఇటొకర్ని నెట్టేసి, "మీ బిడ్డే, ఎవురు కాదన్నారు. నేనూ మీ బిడ్డనే గదా. నన్నేం చేసినారు, ఇసకపల్లెకి ఇచ్చినారు. మల్లమ్మని కూడా అట్లనే ఇయ్యండి. పుట్టిల్లు మీది, అత్తిల్లు మాది, ఇంగ కొట్లాట యాడుండాది?" అనె. ఆ మాటకి ఒకాయన నవ్వె, ఇంగొకాయన నవ్వె, ఆపైన అందరూ నవ్విరి. తిప్పన్న మాత్రం నవ్వలా, ఆలోచించి, లగ్గం పెట్టించాల అనె.

వైశాఖంలో పెళ్లి చేసిరి చూడండి, అట్లాంటి పెళ్లి మళ్లా ఎవురూ చెయ్యలా. పెళ్లికొడుకు ఎవురనుకున్నారు, దిగువూరి కాలవ మొదట్లో ఉండే రాతిగుండు. దానికి పంచె కట్టి, బాసికం కట్టి, బుగ్గన చుక్క పెట్టిరి. కన్యాదానానికి తిప్పన్న కూచునె. కాళ్లు కడగాల గదా, గుండుకి కాళ్లు యాడుంటాయి, ఆయన చుట్టూ తిరిగి చూసి చూసి అడుగున కడిగేసె. ఏటికి తాళి ఎట్ల కట్టేది, తూము తలుపుకి కట్టిరి. పెళ్లికొడుకు తల్లిగా ఎవురు కూచోవాల అంటే, మద్దక్క వాళ్లత్త ఓబులమ్మని తీసకపోయి పీట మీద కూచోపెట్టె. ముసలామె మొదట నాకెందుకే అనింది గానీ, పట్టుచీర ఇచ్చేసరికి నడుము నిటారుగా పెట్టుకునె. బాజాలు మోగతా ఉంటే తలుపు ఎత్తిరి. నీళ్లు చక్రం మీద దూకె, ఎగువూర్లో బల్బులన్నీ ఒక్కసారిగా ఎలిగె, కాలవలో మల్లమ్మ గుండుని ఒరుసుకుని దిగువకి కాపురానికి పాయె.

ఇంగ ఆ సంబరం ఏం చెప్పేది. ఎగువూర్లో బియ్యం మర పెట్టిరి, పిండి మర పెట్టిరి, టూరింగ్ టాకీసు కూడా వచ్చి డేరా ఏసె. తిప్పన్న పగలు మీసం దువ్వడం మానేసినాడంట, బల్బు కిందనే దువ్వుతానని. దిగువన ఓబులమ్మ సంగతి ఇంగా బాగుండాది. ఆమె నిజంగానే అత్త అయిపోయె. పొద్దున్నే కాలవ గట్టుకి పోయి, ఏమ్మే, ఇప్పుడా లేసేది, ఆ పైమడి ఎండతా ఉండాది కనపడలా అని కాలవని తిట్టేది. నీళ్లు రవ్వంత మసగ్గా వస్తే, మీ పుట్టింట్లో నీకు మొగం కడుక్కునేది నేర్పలేదా అనేది. ఏమ్మే లచ్చీ, నా కత ఇంటా ఆ మూల కూచుని నవ్వుతా ఉండావు, నీకూ పెళ్లైతాది, అత్త వస్తాది, అప్పుడు చూస్తాను. అట్లుండగా నార్లు పోసే పొద్దు వచ్చె. దిగువూర్లో ముసలోళ్లు ఎనకాముందు ఆడిరి. ఎగువూరోళ్లని నమ్మి ఇత్తనం మడిలో పోసుకుంటే, రేపు నీళ్లు ఆపితే ఏం తినేది అని. మద్దక్క నడిబజార్లో నిలబడి, "తూము తలుపు నా అన్న చేతిలో ఉండాది. నీళ్లు ఆగినాయంటే వచ్చి నన్నడగండి. ఇది నా మాట" అనె. మద్దక్క మాట గదా, ఊరు ఊరంతా నార్లు పోసె. తిండికి దాచుకున్న వడ్లు కూడా తెచ్చి పోసినోళ్లు ఉండారు.

ఆషాఢం మొదలైన పొద్దు ఏమైందంటే, ఎగువ నుంచి డప్పులు ఇనపడె. చూస్తే తిప్పన్న, కొత్త తలపాగా చుట్టుకుని, గూడుబండి కట్టుకుని, ఎనకాల సగం ఊరిని ఏసుకుని దిగుతా ఉండాడు. మద్దక్క, నా అన్న నన్ను చూసేకి వచ్చినాడని మురిసిపోయి చెంబుతో నీళ్లు ఎదురు తీసకపాయె. తిప్పన్న కాళ్లు కడుక్కుని, బాగుండావా పాపా అని అడిగి, ఆమెని దాటుకుని పోయి ఓబులమ్మ ముందర నిలబడినాడు. "వియ్యపురాలా, ఆషాఢం వచ్చింది. బిడ్డని తోలకపోయేకి వచ్చినాము." నన్నెందుకన్నా ఇప్పుడు అని మద్దక్క సిగ్గుపడె. "నువ్వు కాదులే. నీకు తలనెరిసింది. మల్లమ్మని" అనె తిప్పన్న.

దిగువూరోళ్లందరూ పగలబడి నవ్విరి. తిప్పన్న వాళ్లని నవ్వనిచ్చి, నవ్వు అయిపోయినాక, కొత్తకోడలు ఆషాఢంలో అత్తింట్లో ఉండొచ్చా, మీరే చెప్పండి అనె. అత్తా కోడలు ఒకే గడప దాటితే కీడంటారే, ఆ కీడు ఎవరికంటారు అని ఓబులమ్మ మొగమే చూసి అడిగె. ఓబులమ్మ మొగంలో నవ్వు ఆరిపాయె. నాకే గదూ, దినామూ కాలవ దాటతానే ఉండానే, మొన్న కాలు కూడా బెణికిందే అని గుండె మీద చెయ్యేసుకునె. అత్తా, అది ఏరు అని మద్దక్క అంటే, "పెళ్లి చేసేటప్పుడు ఏరని గుర్తులేదా మ్మే నీకు? నన్ను పీట మీద కూచోపెట్టి అత్తని చేసింది నువ్వు కాదా?" అనె. ఓబులమ్మ తానే కాలవలో కడవ ముంచి, పసుపు రాసి, రవికగుడ్డ చుట్టి బండిలో కూచోపెట్టె. పోయొస్తానని చెప్పేకి కోడలికి నోరు లేదు గదా, తిప్పన్నే సన్నగొంతు పెట్టి, పోయొస్తానత్తా అనె. బండి పాయె. ఆ కడవ నీళ్లు కట్టలో పోసి తూము తలుపు దించేసిరి. సాయంత్రానికి కాలవలో కప్పలు ఒకదాని మొగం ఒకటి చూసుకుంటా ఉండె.

నవ్వొస్తాది గదా, నాకూ వస్తాది. కానీ నారుమడి నవ్వులకి ఆగదు. మొదట కొసలు పసుపు పచ్చనాయె, ఆపైన మడి నెరెలిచ్చె. వాన చూస్తే మబ్బు పట్టడం, గాలి రావడం, పోవడం. మద్దక్క ఊరిబావి నుంచి కడవలతో మోసి పోస్తే, పోసినవి పోసినట్టే నేల తాగేసె. ఊరోళ్లు ఆమెని తిట్టినా బాగుండు. ఎవురూ ఒక్క మాట అనలా. ఆమె ఇంటి ముందర పోయేటప్పుడు రవ్వంత నిదానంగా నడిచేవాళ్లు, అంతే. దానికి మద్దక్క తట్టుకోలేకపాయె. గొడ్లకొట్టంలో కూచుని ఏడ్చిందంట, నా నోటితో నేనే ఊరి నోట్లో మన్ను కొట్టినానే అని. సంతలాంటి మనిషి, మాట లేదు, నవ్వు లేదు. ఓబులమ్మ సంగటి ముద్ద కలిపి పెడితే ఆ ముద్ద అట్లనే ఎండిపాయె.

ఇప్పుడు పైకి పోదాం పాండి, ఎగువూర్లో ఏం జరగతా ఉందో. తలుపు దించిన సాయంత్రమే బల్బులు ఎర్రబడి, మిణుగురు పురుగు మాదిరి మినుకు మినుకుమని ఆరిపాయె. టూరింగ్ టాకీసులో అప్పుడే హీరో దొంగనాకొడుకుని కొట్టేకి చెయ్యెత్తినాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే చీకటైపాయె. ఆ దెబ్బ పడిందా తప్పించుకున్నాడా అని ఊరంతా తగువులే. కరెంటింట్లో సిద్ధయ్య అని ఒకాయన ఉండేవాడు, చక్రాన్ని చూసుకునే ఆయన. ఆయనని అడుగుదామంటే ఆయన లేడు. ఆయనకీ కొత్తగా పెళ్లాయె, పెళ్లాం ఆషాఢానికి పుట్టింటికి పాయె, ఈయన సెలవు పెట్టి ఆ ఊరి బయట టీ బంకులో కూచుని వాళ్లింటి పక్క చూసుకుంటా ఉండాడు. అందుకని తిప్పన్నే తేల్చె. బిడ్డ అత్తింటి మీద బెంగ పెట్టుకునింది, అలవాటు పడితే అదే ఎలుగుతాది అని. కట్టలోకి గాజులు ఏసిరి, పూలు ఏసిరి, పాయసం పోసిరి. దిష్టేమో అని కట్ట మీద మిరపకాయలు తగలబెట్టి ఊరు ఊరంతా దగ్గిరి. పై గుట్టల్లో యాడో వాన పడిందేమో, కట్ట చూస్తే నిండుకుంటా వస్తా ఉండాది, చేపలు పాయసం తిని బలిసినాయి. ఎలుగు మాత్రం లేదు. మరలు ఆగిపాయె, అటక మీద పడేసిన తిరగళ్లు మళ్లా దించిరి. పిండి ఇసిరి ఇసిరి ఆడోళ్ల రెక్కలు పడిపాయె. అలవాటు తప్పింది గదా పాపం.

ఆ సంగతి దిగువకి చేరె. మద్దక్కకి అప్పుడు లేసొచ్చింది చూడు ప్రాణం. చీకట్లో ఉండారు, తిరగలి ఇసరతా ఉండారు, సరే అనుకుని, ఎగువూర్లో పుట్టి దిగువూరికి వచ్చిన ఆడోళ్లు ఎవురెవురు ఉండారో ఇల్లిల్లూ తిరిగె. "మన అన్నదమ్ములకి ఆషాఢంలో ఆడబిడ్డల మీద బో ప్రేమ పుట్టుకొచ్చింది. మల్లమ్మ ఒకతే ఏం అనుభవిస్తాది, పాండి, మనమూ పోదాం" అనె. పోయిరి చూడండి. ముసలోళ్లు, ముతకోళ్లు, చంకలో పిల్లోళ్లు, కోళ్లు, ఒకామె బర్రెని కూడా తోలుకొచ్చె, దాన్ని ఎవురికి ఇడిచిపెట్టేది అని. మద్దక్క మాత్రం మడిలోంచి ఒక కుదురు నారు మట్టితో సహా పెకలించి ఒళ్లో కట్టుకునె. నెమళ్లమిట్టలో ప్రతి గుమ్మం ముందరా ఒక ఆడబిడ్డ దిగె. అన్నా, ఆషాఢం అని ఒకే మాట. తిప్పన్న బిత్తరపోయి, నీకు తలనెరిసింది గదే, నీకేం ఆషాఢం అంటే, మద్దక్క ఏమనిందంటే, "మల్లమ్మ నాకంటే చిన్నదా అన్నా? ఈ గుట్టలు పుట్టినప్పుడు పుట్టింది అది. దానికి దాటని వయసు నాకు దాటిపోయిందా?" ఆయన మీసం దువ్వుకునేకి చెయ్యెత్తి, బల్బు లేదని గుర్తొచ్చి దించేసుకునె.

ఆషాఢంలో వచ్చిన ఆడబిడ్డకి పని చెప్పకూడదు, అడిగింది లేదనకూడదు. ఇంగ వీళ్లు అడగడం మొదలుపెట్టిరి. ఒకామెకి ఓళిగలు, ఒకామెకి అత్తిరాసలు, ఒకామెకి పొద్దున ఉగ్గాని సాయంత్రం బజ్జీలు. వదినెలు ఇసరడం, వీళ్లు అరుగు మీద కాళ్లు చాపుకుని కూచుని, వదినా, పిండి రవ్వంత మెత్తగా ఇసరాల అనడం. బర్రె కూడా మనిషి చేత కుడితి కలిపించుకుని తాగె. ఎగువూరి మగోళ్లు ఇంట్లో పెళ్లాల మొగాలు చూడలేక చేలల్లోనే పడుకునిరి. మద్దక్క మాత్రం ఏమీ అడగలా. వాకిట్లో పగిలిన కుండలో ఆ నారు కుదురు పెట్టి, తనకిచ్చిన మంచినీళ్లలో సగం తాగి సగం దానికి పోసి, దాని ముందరే కూచునేది. ఒక పొద్దు తిప్పన్న ఆగి, ఏందే అది అని అడిగె. "మా ఊరు. ఇసకపల్లె నార్లలో పచ్చగా ఉండేది ఇంగ ఇదొక్కటే. నీ పేరు చెప్పి పోయించినాను అన్నా అందరి చేతా" అనె. చెల్లెలంటే ప్రాణం ఆయనకి. తిప్పన్న పోయి కట్ట మీద కూచునె.

ఆ పొద్దే సిద్ధయ్య వచ్చె. ఎందుకొచ్చినాడంటే, టీ బంకు ఎనకాల నక్కి ఉండగా వాళ్లత్త చూసి, ఆషాఢంలో అల్లుడికి ఈ ఊర్లో ఏం పని అని చాట తీసుకుని తరిమిందంట. రొప్పుకుంటా వచ్చి, దించిన తలుపు చూసి, తల పట్టుకునె. తిప్పన్నా, నీళ్లు పోకపోతే చక్రం ఎట్ల తిరుగుతాది, చక్రం తిరక్కపోతే కరెంటు ఎట్ల వస్తాది అని అడిగె. అట్లెట్లప్పా, కుండ నిండుగా ఉండాది గదా, వెన్న ఎందుకు రాదు అని తిప్పన్న. అప్పుడే తిప్పన్న పెళ్లాం, ఆడబిడ్డలకి మజ్జిగ చేస్తా చేస్తా మాటలు ఇని చేతిలో కవ్వంతోనే కట్ట మీదికి వచ్చింది. ఆ కవ్వం ఎత్తి ఆయన మొగం ముందర ఒక్కసారి గిర్రున తిప్పె. తిప్పన్న ఆ కవ్వాన్ని చూసె, కట్టని చూసె, మళ్లా కవ్వాన్ని చూసె. అప్పుడు ఎక్కింది తలకి.

ఊరంతా ఎత్తు ఎత్తు అనిరి. తిప్పన్న లేసి, తూము తలుపుకి అడ్డం నిలబడినాడు. "నేను ఎత్తను. ఆషాఢంలో బిడ్డని అత్తింటికి పంపితే ఓబులమ్మకి కీడు. ఆమె నా చెల్లెలికి అత్త. బల్బుల కోసరం మనిషిని చంపుకుంటామా?" అనె. కళ్లల్లో నీళ్లు తిరుగుతా ఉండె ఆయనకి. నిజంగా నమ్మినాడప్పా మనిషి. మొండితనమే అనుకున్నారు గదా మీరు కూడా, చెల్లెలి అత్తకి ఏమన్నా అయితాదని భయపడి ఇన్నాళ్లూ చీకట్లో కూచున్నాడు. మద్దక్కకి కోపం అంతా యాడికి పాయెనో పాయె. పోయి అన్న చెయ్యి పట్టుకునె. అన్నా, నేను ఆషాఢంలో ఈడ ఉన్నప్పుడు అమ్మ కజ్జికాయలు చేసేది, జ్ఞాపకముందా? ఉండాది. అవి యాడికి పోయేవి? మీ అత్తింటికి. ఎవురు తీసకపోయేవాళ్లు? తిప్పన్న తల దించుకుని, నేనే అనె. "బిడ్డ పోకూడదన్నారు గాని, సారె పోకూడదని ఎవురన్నా అన్నారా? ఆ సారె తిని మా అత్త సచ్చిపోయిందా? మల్లమ్మని ఈడనే కూచోబెట్టు, దాని పుట్టింట్లోనే నిండుగా ఉండనీ. దాని పేరు చెప్పి దినామూ ఒక గంపెడు సారె పంపు. ఈసారన్నా దావలో తినకుండా పంపు" అనె.

అప్పుడే ఎవురో తుమ్మిరి కూడా, తిప్పన్న కూచోలా. పసుపు తెమ్మనె. తెస్తే, తానే నీళ్లలోకి దిగి కట్ట గోడ మీద ఈ చివర నుంచి ఆ చివరకి పసుపు గీత గీసె. ఈ గీతదాకా నా బిడ్డ, దీనికి తక్కువ కానియ్యను, ఎండాకాలానికి గొడ్లకీ మనుషులకీ ఉండాల. గీత పైన ఉండేదంతా సారె అనె. తూము తలుపు జానెడు ఎత్తినాడు. చక్రం గుర్రుమనె. టాకీసోడు స్విచ్చి ఆపకుండా పోయినాడేమో, డేరాలోంచి డిష్యుం అని దెబ్బ ఇనపడె. పట్టపగలు, బొమ్మ కనపడలా, దెబ్బ మాత్రం ఊరంతా ఇనె. పడిందిరా, పడింది అని పెద్దోళ్లు కూడా తలపాగాలు ఎగరేసిరి.

మద్దక్క ఆడ లేదు అప్పటికే. నారు కుండ చంకన పెట్టుకుని కాలవ గట్టు మీద నీళ్లతో పాటు పరిగెత్తతా ఉండాది. ఎండుటాకుల్నీ చెత్తనీ ముందర తోసుకుంటా నీళ్లు, పక్కన ఈమె, ఎనకాల ఆడబిడ్డలు, వాళ్ల ఎనకాల ఆ బర్రె. ఒక మలుపులో నీళ్లు ముందు, ఇంగో మలుపులో ఈమె ముందు. ఎన్నాళ్ల నుంచి మూసుకున్న నోరు గదా, సారె వస్తా ఉండాదహో అని ఒకటే కేక, నవ్వుతాదో ఏడస్తాదో ఆమెకే తెలీదు. దిగువూరంతా కాలవ కాడికి ఉరికె. ఓబులమ్మ ముందర నిలబడుకుని, ఆగవే, వచ్చేది కోడలా? అని భయం భయంగా అడిగె. "కోడలు కాదత్తా, సారె" అనె మద్దక్క రొప్పుకుంటా. ముసలామె అప్పుడు చీర కుచ్చిళ్లు ఎత్తి కాలవలో దిగి, దోసిట్లో నీళ్లు పట్టి, రవ్వంత నోట్లో పోసుకుని, కాలవలో లోతు ఎంతుందో చూసి, ఎగువ పక్క మొగం తిప్పి, "సగమే ఉండాది గదే. కోతులు ఇంగా పోలేదా ఆ దావలో?" అనె.

అన్ని నార్లూ బతకలా, అబద్ధం ఎందుకు చెప్పేది. నీళ్లు తగిలి మళ్లా తేరుకున్న నారుని ఊరంతా పంచుకునిరి, కయ్యలన్నీ నిండకపోయినా కుండలు నిండినాయి. మొదటి నాటు మద్దక్క కుండలో కుదురే. ఆ తర్వాత శ్రావణం వచ్చినా, మల్లమ్మ కాపురానికి తిరిగి పోయినా, పసుపు గీత మాత్రం ఎవురూ చెరపలా. ఏటేటా ఆషాఢంలో మళ్లా దిద్దుతారు, దిద్దేది దిగువూరికి ఇచ్చిన ఆడబిడ్డ. బల్బు మసగ్గా ఎలిగితే మన ఎగువూర్లో ఇప్పటికీ ఏమంటారు, సారె తగ్గిందిరా, ఎవురన్నా పోయి తూము చూడండి అంటారు గదా. అది యాడ నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది మీకు. ఏమ్మే లచ్చీ, ఆ పళ్లెంలో కజ్జికాయలు పెట్టినాను, ఏవి? అవునులే, కోతులు. పాండి ఇంగ, పొద్దుపాయె. ఒరే, ఆ స్విచ్చి మీద చెయ్యి తియ్యి. బల్బు రవ్వంత సేపు ఎలగనీ, కింద ఎవురో మడి తడుపుకుంటా ఉంటారు.